తొట్టిలో నీలం ఫోను

పొద్దున తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తగానే కళైసెల్వి చేసే మొదటి పని గాజు తొట్టి కడగడం. నెహ్రూ వీధిలోని ఆ ఫోన్ల అంగడికి వచ్చినవాళ్ళకు ముందు కనబడేది ఆ తొట్టే, దేవుడి పటం కూడా తర్వాతే. కుళాయి నీళ్ళు పోస్తే సాయంత్రానికి గాజు మీద తెల్లని ఉప్పు చారలు కడతాయని మేనేజరు నరేంద్రన్ తాగేనీళ్ళ క్యాను వాడుకోమన్నాడు. సెల్వి ఆ క్యానును తుంటికి ఆనించుకుని వంచి, తొట్టి ముప్పాతిక నిండేదాకా పోసేది. పాత చుడీదారు గుడ్డతో గాజును లోపలా బయటా తుడిచేది. ఆ తర్వాత నల్ల ఫోను తీసుకుని, పక్కన సిమ్ పెట్టే సన్నని అర గట్టిగా మూసుకుందో లేదో బొటనవేలితో నొక్కి చూసి, పసిబిడ్డకు నీళ్ళు పోసేంత జాగ్రత్తగా నీళ్ళలోకి దించేది.

అది అడుగుకు చేరి రెండు బుడగలు వదిలేది. అప్పుడు తన ఫోన్లోంచి దానికి రింగు కొడితే నీళ్ళలోనే వెలిగి, వణికి, బొంగురు గొంతుతో పాడేది. రోడ్డున పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. ఆగినవాళ్ళకు సెల్వి నాలుగు ముక్కలు చెప్పేది. "దుమ్ము లోపలికి పోదు, నీళ్ళు పోవు, వానలో మాట్లాడండి, తొట్టిలో ముంచండి." తమిళంలో చెప్పినా తెలుగులో చెప్పినా ఆ నాలుగు ముక్కలే. కార్తీక మాసపు వానలు పట్టుకున్నాక జనం ఆ నాలుగు ముక్కలకే పడిపోతున్నారు. అసలు నీళ్ళు లోపలికి ఎందుకు పోవు అని చేరిన కొత్తలో ఒకసారి అడిగింది. "రబ్బరు" అన్నాడు నరేంద్రన్. ఆ ఒక్క ముక్కతో తృప్తిపడే రకం కాదు సెల్వి. జీతమిచ్చేవాణ్ణి రెండోసారి అడిగే రకం కూడా కాదు.

ఆ సోమవారం నల్ల ఫోనును తొట్టిలోకి దించిన కాసేపటికే ఒకామె లోపలికి వచ్చి, గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే నిలబడిపోయింది. ఆకుపచ్చ కోటు, తలకు చుట్టిన తుండు, చీర అంచున బురద చుక్కలు. రోడ్లు ఊడ్చే మనిషని చూడగానే తెలుస్తోంది. కొనేవాళ్ళ కోసం వేసిన ఎర్ర స్టూళ్ళు నాలుగూ ఖాళీగానే ఉన్నాయి. కూచోమని సెల్వి అనలేదు, అనాలని తోచనూ లేదు.

"పాపా, నన్ను గుర్తు పట్టినావా?" అందామె తెలుగులో. "దీపావళికి ముందర వచ్చింటి కదా. మనింట్లోనూ తెలుగే పెద్దమ్మా అని ఎంత ముచ్చట పడితివి!"

అప్పుడు గుర్తుకొచ్చింది. అన్నమ్మాళ్. ఆ రోజు మెరుపంచు చీర కట్టుకుని, తలలో మూర కదంబం పెట్టుకుని, దీపావళి బోనసు రుమాల్లో ముడి వేసుకుని వచ్చింది. ఈ ఆకుపచ్చ కోటులో ఆమెను పోల్చుకోలేకపోయినందుకు సెల్వికి సిగ్గేసింది.

"ఏంది పెద్దమ్మా, ఏమైంది?"

అన్నమ్మాళ్ ప్లాస్టిక్ కవరులోంచి నీలం ఫోను తీసి, రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. "కళ్ళు తెరవడంలా. ఎప్పట్లా కడిగి, తుడిచి పెడితి. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఇట్ట ఉండాది."

"కడిగినారా?"

"ఆమా. దినామూ కడిగేదే. పని నుంచి వస్తానే వాకిట్లో కుళాయి కాడ చెప్పులు కడుగుతా, చేతులు కడుగుతా, దీన్నీ కడుగుతా. దినమంతా రోడ్డు దుమ్ము, కాలవ కంపు. దీన్ని అట్టే ఇంట్లోకి ఎట్ట తీసుకుపోయేది? కొంచెం సబ్బు పెట్టి రుద్ది, కుళాయి కింద పడితే అయిపోయె. నువ్వే కదా నా కళ్ళ ముందర ముంచి తీసింది?"

నరేంద్రన్ లోపలి గదిలోంచి వచ్చాడు. అతని ఇంట్లోనూ తెలుగే, అంగట్లో మాత్రం నోరు తిరిగినంత తమిళం. కోపం వస్తేనే తెలుగు బయటికి వచ్చేది. ఇప్పుడు చల్లగా తమిళంలోనే, సర్వీసు సెంటరుకు పోయారా అని అడిగాడు.

"పోతిని సార్. సిమ్ము పెట్టే సందులో లైటు ఏసి చూసి, ఎర్రగా ఉండాది, నీళ్ళు పోయింది, గ్యారంటీ లేదు పొమ్మన్నారు." ఆమె మడత పెట్టిన కాగితం చూపించింది.

"లిక్విడ్ డ్యామేజ్" అన్నాడు నరేంద్రన్, కాగితం చదవకుండానే. "దానికి వారంటీ రాదమ్మా. సబ్బు పెట్టి కడిగితే ఏ ఫోను బతుకుతుంది? మేమేం చెయ్యలేం."

అన్నమ్మాళ్ కేకలు వెయ్యలేదు. తొట్టి వైపు చూసింది. లోపల నల్ల ఫోను హాయిగా వెలుగుతోంది. "ముందు దీంట్లో నీలం ఫోను ఉండిందే, చేప మాదిరి. ఈ దారిన పోతా ఎన్ని నెలలు చూసినానో. అదే కావాల అని అడిగితి కదా సార్, దాన్నే ఇచ్చింటే ఏమి? అన్ని నెలలు నీళ్ళలో ఉండి కూడా అది చావలా."

"తొట్టిలో పెట్టింది అమ్మరమ్మా. మీకు అదే రంగులో కొత్తది ఇచ్చాం. సిమ్ కూడా నేనే వేసి ఇచ్చాను కదా?" అని నరేంద్రన్ లోపలికి పోయాడు.

గుమ్మం దాకా సాగనంపడానికి సెల్వి వెంట వెళ్ళింది. వాన సన్నగా మొదలయింది. అన్నమ్మాళ్ కోటు గుండీలు పెట్టుకుంటూ చెప్పింది. లాస్‌పేటలో ఆమె పని, టిఫిను విరామంలో వచ్చింది. కాంట్రాక్టరు కింద ఊడ్చేవాళ్ళందరూ రోజుకు మూడుసార్లు ఫోన్లో తమ ముఖం ఫోటో తియ్యాలి. అది పడితేనే వచ్చినట్టు లెక్క. ఒక ఫోనుకు ఒక ముఖమే, పక్కామె ఫోన్లో తీస్తే చెల్లదు. ఏడు రోజులు వరసగా పడకపోతే పట్టీలోంచి పేరు కొట్టేస్తారు.

"ఈ పొద్దుటికి నాలుగు. రోడ్డు ఊడుస్తానే ఉండాను పాపా. నేను ఊడ్చిన రోడ్డు మీదనే సూపర్వైజరు బండి పోతాది. ఫోన్లో మాత్రం నేను రాలేదంట."

"పెద్దమ్మా, నాకు తెలీక..."

"నీకు తెలీదులే. వానలో మాట్లాడొచ్చు అంటివి, తొట్టిలో ముంచొచ్చు అంటివి. నేనేం పని చేస్తానో, దీన్ని యాడ పెట్టుకుంటానో ఒక్క మాట అడిగితివా? అడిగింటే చెప్పుండనా, దినామూ కడగాల్సి ఉంటాదని." నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది. ఫోనును, దాని పెట్టెను సెల్వి చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టుకో. చదువుకున్నదానివి, ఎందుకు చచ్చిందో చూడు. నాకు అదన్నా తెలియాల. రేపు రెండింటికి పని దిగి వస్తా."

ఆ సాయంత్రం ముదలియార్‌పేటలో ఇంటికి చేరాక, సెల్వి పెట్టెలోంచి ఒక కాగితం తీసింది. విప్పేకొద్దీ పెద్దదవుతోంది, అక్షరాలు మాత్రం చీమతలకాయలంత. ఇన్ని పెట్టెలు చేతుల మీదుగా అమ్మింది కానీ ఆ కాగితాన్ని ఏనాడూ విప్పి చూడలేదు. తన ఫోను కెమెరాను దాని మీద పట్టి, అక్షరాలను పెద్దవి చేసుకుంటూ ఒక్కో వరస చదివింది. పరీక్ష చేసింది మంచినీళ్ళలోనట, అదీ కదలని నీళ్ళలో, అరగంట సేపు. సబ్బు నీళ్ళు, సముద్రపు నీళ్ళు, వేడినీళ్ళు ఆ లెక్కలోకి రావు. వాడేకొద్దీ ఈ కాపుదల తగ్గవచ్చు. కావాలని నీళ్ళలో ముంచవద్దు. చిట్టచివర, నీటివల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదు.

ఆఖరి వరస రెండుసార్లు చదివింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. కావాలని నీళ్ళలో ముంచవద్దని కాగితం చెబుతుంటే, రోజుకు ఇరవైసార్లు కావాలని ముంచడమే కదా తన ఉద్యోగం! నీళ్ళు పోవు అని అమ్మేదీ వాళ్ళే, నీళ్ళు పోతే మాకు సంబంధం లేదనేదీ వాళ్ళే.

అయినా ఒక సంగతి ఆమెను నిద్రపోయేదాకా తొలుస్తూనే ఉంది. తొట్టిలో ఫోను పొద్దున్నుంచి రాత్రి దాకా నానుతుంది. అన్నమ్మాళ్ ఫోను రోజుకు ఒక్క నిమిషం కుళాయి కింద ఉంది. నానింది బతికి, కడిగింది ఎట్లా చచ్చింది? సబ్బేనా?

మంగళవారం పొద్దున తొట్టి నింపాక, సెల్వి ఎవరూ చూడకుండా గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు రెండు మూతలు పోసింది. నల్ల ఫోనును దించి దానికి రింగు కొట్టింది. అది వణికేసరికి నురగ పొంగి, గాజు అంచు దాటి బల్ల మీదికి జారింది. నరేంద్రన్ బ్యాంకు పని మీద బయటికి పోయాడు కాబట్టి సరిపోయింది. పది గంటలకు ఒక కాలేజీ జంట వచ్చి, ఫోనుకు తలంటు పోస్తున్నారా అని నవ్వి, సెల్ఫీ తీసుకుని, ఏమీ కొనకుండా పోయింది. పదకొండుకు కొట్టి చూసింది, పాడింది. పన్నెండుకు కొట్టింది, పాడింది. ఒంటిగంటకు బయటికి తీసి, తుడిచి, సిమ్ అర లాగి, సందులోకి టార్చి వేసింది. నీళ్ళు తగిలితే ఎర్రబడే లోపలి చిన్న చుక్క కాగితం పాలలా తెల్లగా ఉంది. ఒక్క పూట పరీక్షతో అంతా తేలదని ఆమెకూ తెలుసు. కానీ సబ్బు తగలగానే చచ్చే వస్తువు మాత్రం ఇది కాదు.

నీళ్ళు పారబోసి, మంచినీళ్ళు నింపి, నరేంద్రన్ తిరిగి రాగానే భోజనానికి పోతున్నానని చెప్పి బయటపడింది. రెండింటికి అన్నమ్మాళ్ పని దిగి వచ్చే వేళ. ఇద్దరూ కలిసి మణికూండు గడియార స్తంభం పక్క సందులోకి పోయారు. అక్కడ ఆదికేశవన్ కొట్టు బీరువా అంత ఉంటుంది. మనిషి లోపల కూచుంటే మోకాళ్ళు బయటికే. ఒకప్పుడు చేతి గడియారాలు బాగుచేసేవాడు, ఇప్పుడు ఫోన్లు. గడియారాల కాలం నాటి భూతద్దం మాత్రం నుదుటి మీద అట్లాగే ఉంది. తెలుగు వినపడగానే అతని ముఖం విప్పారింది.

"ఈ నీళ్ళ మాట నేను నలభై ఏండ్లుగా వింటాండాను" అన్నాడు, నీలం ఫోనును అటూ ఇటూ తిప్పుతూ. "గడియారం వెనక నీళ్ళు పోదు అని రాసేవాళ్ళు. అది కట్టుకుని సముద్రంలో దిగేవాళ్ళు. మర్నాడు నా కాడికి వచ్చేవాళ్ళు. దాంతోనే ఇల్లు కట్టినాను."

"పెట్టె మీద అరవై ఎనిమిది అని ఉంటాదే అన్నా, అదేంది?" అడిగింది సెల్వి. రెండేళ్ళుగా రోజూ పలికే అంకె, అర్థం ఇప్పుడు అడుగుతోంది.

"అరవై ఎనిమిది కాదమ్మా. ఆరు వేరే, ఎనిమిది వేరే. ఆరు దుమ్ముకు, ఎనిమిది నీళ్ళకు. జనమంతా ఎనిమిదినే చూస్తారు. ఆరును అడిగినోడు ఇంతదాకా నాకు కనబడలా."

"ఇంతకీ కొనేటప్పుడు ఇది ముఖ్యమా, కాదా?"

"ఎవురికి?" అన్నాడు ఆదికేశవన్. ఆ ఒక్క మాటే అని, భూతద్దం కంటి మీదికి దించుకున్నాడు.

సూదితో సిమ్ అర బయటికి తీశాడు. లైటు దగ్గరికి జరిపి సందులోకి తొంగి చూశాడు. "చుక్క ఎర్రబడిండేది నిజమే. సర్వీసోడు అబద్ధం చెప్పలా. కానీ ఇదేంది?" సూది మొనతో సందు అంచున ఏదో గీకాడు. లేత పసుపు పొడి గోటి మీద రాలింది, దాంట్లో ఎరుపు రేణువులు. నీటి చుక్క వేసి వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "చందనం! కుంకుమ కూడా. ఏమ్మా, ఆయుధపూజకు దీనికి బొట్టు పెట్టినావా?"

"ఆయుధపూజకు ఇది నా కాడ యాడిది?" అంది అన్నమ్మాళ్. "దీపావళికి గదా కొన్నది. మేము బొట్టు పెట్టింది పొరకలకు, తోపుడు బండికి."

ఆదికేశవన్ ఫోను వెనక పలకను వేడిచేసి లేపాడు. చుట్టూ ఉన్న జిగురు బూజుపట్టినట్టు తెల్లబడి, వేలు తగలగానే పొరలుగా ఊడింది. "నిమిషం కడిగితే ఇట్ట కాదు. ఇది నెలల తరబడి నానింది. దీనికి ఈడు ఎక్కువ."

సెల్వి వినడం మానేసింది. ఆమె కళ్ళు ఆ గోటి మీది చందనం మీదే నిలిచిపోయాయి. ఆయుధపూజ పొద్దున అంగట్లో పీట మీద కత్తెర, స్కానరు, కాలిక్యులేటరు, కట్టర్లు, అన్నీ వరసగా పేర్చింది తనే. పని చేసేది ఏదైనా పీట ఎక్కాలి కదా అని తొట్టిలోని నీలం ఫోనును కూడా తీసి తుడిచింది. లోపల తడి ఆరాలని సిమ్ అర బయటికి లాగే ఉంచింది. చందనం కాస్త పలచనయింది. ఉంగరపు వేలితో బొట్టు పెడితే అంచు మీదికి జారి సందులోకి పోయింది. అయ్యో అనుకుని, పైపైన తుడిచి, బొటనవేలితో అరను లోపలికి నెట్టేసింది. పూజ అయ్యాక తొట్టిలోకి నల్లది వచ్చింది. నీలందాన్ని కంపెనీకి పంపేశామన్నాడు నరేంద్రన్. దీపావళి రద్దీలో అన్నమ్మాళ్ ముందుకు వచ్చింది విప్పి ఉన్న పెట్టె. ఎప్పుడూ సీలు కోసేదీ సిమ్ వేసేదీ సెల్వే. ఆ రోజు మాత్రం అతనే వేశాడు.

ఆ బొట్టు ఎవరిదో లోకంలో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. రేపు మళ్ళీ తొట్టి కడుక్కోవచ్చు, ఒకటో తారీఖున జీతం తీసుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది, కాసేపు ఉంది కూడా. పక్కన అన్నమ్మాళ్, ఊడిన జిగురును చూస్తూ, "నేనే చంపేసినానేమో అని నాలుగు దినాలుగా నిద్ర లేదన్నా" అంటోంది.

"మీరు చంపలా పెద్దమ్మా" అంది సెల్వి. "ఆ బొట్టు నేను పెట్టిండేది. ఇది తొట్టిలో ఉండిన ఫోనే."

అన్నమ్మాళ్ ఫోను వైపు చూసింది, సెల్వి వైపు చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది. చీర కొంగుతో కళ్ళు ఒత్తుకునేదాకా నవ్వింది. "అయితే నేను అడిగిందే ఇచ్చినారు గదా! ఆ చేపనే! కొత్తది అని చెప్పి నా ఆశ తీర్చినారు మహానుభావులు." నవ్వు ఆగాక ఆమె ముఖం చూడలేక సెల్వి తల దించుకుంది.

"ఈ చందనం చూపిస్తే చాలునా అన్నా?" అని అడిగింది సెల్వి.

"చందనం యాడ లేదు ఈ ఊళ్ళో? ఎవురి ఇంట్లోనో అంటుకునింది అంటారు" అన్నాడు ఆదికేశవన్, ముక్కలను ఒక డబ్బీలో సర్దుతూ. "చెప్పాల్సింది నువ్వే."

బుధవారానికి ఆరో రోజు. అంగడి తెరిచి సెల్వి క్యాను వంచితే సగం నీళ్ళు నేల మీద పడ్డాయి. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకుంది. ఒక్కటీ నచ్చలేదు. మధ్యాహ్నం రెండున్నరకు అన్నమ్మాళ్ వచ్చింది, అదే కోటు, అదే పట్టా మీద నిలబడింది. అప్పటికి అంగట్లో ఏడెనిమిది మంది ఉన్నారు. కిరుమాంబాక్కం నుంచి వచ్చిన ఒక కుటుంబం స్టూళ్ళ మీద కూచుని, తొట్టిలో ఫోను మోగడం కోసం కాచుకుని ఉంది.

నరేంద్రన్ ఆమెను చూసి విసుక్కున్నాడు. "సోమవారమే చెప్పాం కదమ్మా."

సెల్వి తొట్టిలోంచి చెయ్యి బయటికి తీసి, చున్నీకి తుడుచుకుంది. "సార్, ఆ ఫోను సందులో చందనం ఉండాది. ఆయుధపూజకు నేను పెట్టిందే." తమిళంలో చెప్పాలనుకుంది, తెలుగే వచ్చింది. ఎందుకో అదే మంచిదనిపించింది. తర్వాత మిగతావాళ్ళకూ తెలియాలని తమిళంలో మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. పీట, ఆరబెట్టిన అర, జారిన బొట్టు, బొటనవేలు. ఎక్కడా గొంతు పెంచలేదు. తను రోజూ చెప్పే నాలుగు ముక్కలంత స్పష్టంగా చెప్పింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా, ఏంది వాగుతాండావు!" అన్నాడు నరేంద్రన్. అచ్చమైన ఇంటి తెలుగు. ఆ తెలుగు విన్నాక తను చెప్పింది నిజమేనని సెల్వికి పూర్తిగా రూఢి అయిపోయింది.

"పిచ్చి లేదు సార్. దీన్ని కంపెనీకి పంపినామంటిరి. పంపిన కాగితం చూపించండి, నాదే తప్పని ఈ పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంటా."

కిరుమాంబాక్కం కుటుంబంలోని పెద్దాయన మెల్లగా స్టూలు మీంచి లేచాడు. "మాకు చూపించిన పెట్టె కూడా తెరిచే ఉందే?" అన్నాడు భార్యతో, అందరికీ వినపడేలా. నరేంద్రన్ ఆ పెద్దాయన వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తమిళం తిరిగి వచ్చింది. "స్టాకులో ఏదో తారుమారైనట్టుంది. చూస్తాను" అని లోపలికి పోయాడు.

వచ్చేటప్పుడు అతని చేతిలో సీలు ఊడని పెట్టె ఉంది. తెరవడానికి కట్టరు తియ్యబోతే అన్నమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు సార్, నేనే కోస్తా." పట్టా దాటి లోపలికి వచ్చింది. సీలు మీద వేలు నడిపి చూసి, కట్టరుతో మెల్లగా కోసింది. ఫోను తీసి, ఆదికేశవన్ చూపించినట్టే సూదితో అర లాగి, సందును లైటుకెత్తి ఒక కన్ను మూసి చూసింది. చుక్క తెల్లగా ఉంది. అంతటితో ఆగకుండా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసింది.

"ఏ వాసనా లేదు" అని ప్రకటించింది. అంగట్లో అందరూ నవ్వారు. కిరుమాంబాక్కం ఆవిడ తన ముందున్న పెట్టెలోని ఫోనునూ ముక్కు దగ్గరికి తీసుకోవడం చూసి నరేంద్రన్ ముఖం ఇంకొంచెం మాడిపోయింది.

సిమ్ సెల్వే వేసి, లోపలిది కనబడే ప్లాస్టిక్ సంచి ఒకటి చేతికిచ్చింది. "పెద్దమ్మా, దీన్ని కూడా కడగొద్దు. తడిగుడ్డ పిండి తుడవండి. పనిలోకి పోయేటప్పుడు ఈ ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసెయ్యండి, పైనుంచే ఫోటో పడతాది. ఇంటికొచ్చినాక ఆ సంచిని ఎంతైనా కడుక్కోండి, సబ్బు పెట్టి."

"ఈ మాట ముందే చెప్పింటే ఎంత బాగుండు" అంది అన్నమ్మాళ్. సంచిని అటూ ఇటూ లాగి చూసి మెచ్చుకుంది. పోతూపోతూ సెల్వి బొటనవేలిని ఒకసారి పట్టుకుని వదిలేసింది. కొత్త ఫోనును తన పేరుకు ఎక్కించుకోవడానికి సాయంత్రం అయిదులోపు సూపర్వైజరును పట్టుకోవాలి. వానలోనే గబగబా పోయింది.

అందరూ పోయాక నరేంద్రన్ సెల్విని పిలిచాడు. పనిలోంచి పంపేస్తాడనే అనుకుంది. కానీ పంపేస్తే ఈ కథ నెహ్రూ వీధి అంతా చెబుతుందని అతనికీ తోచి ఉంటుంది. "రేపటి నుంచి తొట్టి దగ్గర నువ్వొద్దు" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "ఆ మూలకు పో. కవర్లు, చార్జర్లు అమ్ముకో."

గురువారం పొద్దున ఆరుంపావుకు సెల్వి ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. మసక వెలుతురు, వెనక లాస్‌పేట రోడ్డు, చెట్ల నుంచి రాలిన తడి ఆకులు. మధ్యలో ప్లాస్టిక్ సంచి ముడతల్లోంచి అన్నమ్మాళ్ ముఖం, మరీ దగ్గరగా, ముక్కు పెద్దదై, నవ్వుతూ. కింద ఏమీ రాసి లేదు. ఆమెకు రాయడం రాదు. ఏడో రోజు ఆమె వచ్చింది, వచ్చినట్టు పడింది. సెల్వి పళ్ళు తోముకుంటూ ఆ ఫోటోను మూడుసార్లు చూసుకుంది.

పది గంటలకు మూలన చార్జర్ల తీగలు చుట్టలు చుడుతుంటే ఒక నడివయసు మనిషి వచ్చాడు. తొట్టి దగ్గర ఎవరూ లేరు. నీళ్ళు మార్చకపోవడంతో గాజు మసకబారింది. అతను ఒకసారి దాంట్లోకి తొంగి చూసి, నేరుగా సెల్వి దగ్గరికి వచ్చాడు. చొక్కా పాతదే కానీ ఉతికినదే. కనుబొమల్లో, చెవి తమ్మెల మీద మాత్రం తెల్లగా ఏదో ఉంది. చేతిలోని ఫోను మాట్లాడేచోటంతా పూడుకుపోయి ఉంది.

"నీళ్ళలో పడినా చెడని ఫోను ఏదమ్మా? ఖరీదు ఎక్కువైనా పర్లేదు. అందరూ అదే తీసుకోమంటున్నారు" అన్నాడు.

నాలుగు ముక్కలు నాలుక చివరికి వాటంతట అవే వచ్చేశాయి. సెల్వి వాటిని మింగేసింది.

"మీరేం పని చేస్తారన్నా?"

అతను తెల్లబోయాడు. ఫోను కొనడానికి వస్తే ఆ మాట అడిగేవాళ్ళు ఉంటారని అనుకున్నట్టు లేదు. ఏదో తప్పు పట్టుబడినట్టు కనుబొమలు తుడుచుకున్నాడు. "తట్టాంచావడిలో పిండి మిల్లు. పన్నెండేండ్లుగా."

"నీళ్ళలో ఎన్నిసార్లు పడింది?"

అతను ఆలోచించాడు. "ఒక్కసారి కూడా పడలేదు. ఇట్లా పిండి పట్టే మూడు పోయినాయి."

సెల్వి మూలలోంచి లేచి వెళ్ళి, ముందు వరసలోని ఎర్ర స్టూలు ఒకటి లాక్కొచ్చి అతని ముందు వేసింది. "అయితే నీళ్ళ సంగతి తర్వాత. ముందు దుమ్ము అంకె చెప్తాను, కూచోండి."